ఎల్‌ఈడీ టీవీ కొనే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

టీవీ షాపులో వినిపించే మాటల్లో సగం తెర వెనక ఉన్న దీపం గురించే. ఆ దీపం సంగతి తెలిస్తే సేల్స్‌మన్ చెప్పేదాంట్లో సరుకెంతో, హడావుడెంతో మీకే అర్థమైపోతుంది. అందుకే కొనుగోలు ప్రశ్నలకన్నా ముందు, టీవీ ఎలా పనిచేస్తుందో అడిగిన ప్రశ్నలు పెట్టాం. తొందరలో ఉన్నవాళ్లు నేరుగా సైజు దగ్గరికి వెళ్లిపోవచ్చు.

ఎల్‌ఈడీ టీవీ అంటే తెర నిండా ఎల్‌ఈడీ బల్బులేనా?

కాదు. మన ఇళ్లలో ఎల్‌ఈడీ టీవీ అని పిలుచుకునేవన్నీ ఎల్‌సీడీ టీవీలే, అంటే ద్రవ స్ఫటికాల తెర ఉన్నవి. ఎల్‌సీడీ తెరకు సొంత వెలుగు ఉండదు, వెనక నుంచి ఎవరో ఒకరు దీపం పట్టాలి. మొదట్లో ఆ పని సన్నటి ట్యూబ్‌లైట్లు చేసేవి. వాటిలో పాదరసం ఉండేది, టీవీ కూడా లావుగా ఉండేది. 2004లో సోనీ ‘క్వాలియా 005’ అనే టీవీలో ట్యూబుల బదులు ఎల్‌ఈడీలు పెట్టింది. 2009 ప్రాంతంలో కంపెనీలు ఈ రకాన్ని ‘ఎల్‌ఈడీ టీవీ’ పేరుతో అమ్మడం మొదలుపెట్టాక ఆ పేరే స్థిరపడింది. ప్రతి చుక్కా నిజంగా ఎల్‌ఈడీలతోనే వెలిగే తెర చూడాలంటే క్రికెట్ స్టేడియంలో పెద్ద బోర్డు వైపు చూడండి.

మరి బొమ్మ ఎలా వస్తుంది?

తోలుబొమ్మలాట చూసినవాళ్లకు చెప్పడం తేలిక. వెనక దీపం, ముందు తెల్లటి తెర, మధ్యలో రంగులద్దిన పల్చటి తోలు. దీపం వెలుగు తోలులోంచి వచ్చేటప్పుడు ఆ రంగు పులుముకుని వస్తుంది. టీవీలో తోలు బదులు గాజు పలకలు, రంగు ఫిల్టర్లు ఉంటాయి, వాటి మధ్య ద్రవ స్ఫటికాల పొర ఉంటుంది.

ఈ ద్రవ స్ఫటికాలను మొదట గమనించింది ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త. 1888లో క్యారెట్ నుంచి తీసిన కొలెస్టరాల్‌తో తయారైన పదార్థాన్ని వేడి చేస్తుంటే, అది 145 డిగ్రీల దగ్గర కరిగి మసకగా మారింది. 178 డిగ్రీలు దాటాకగానీ తేటపడలేదు. ఆ మసక స్థితిలో అది ద్రవంలా పారుతుంది, స్ఫటికంలా క్రమంగానూ ఉంటుంది. కరెంటు తగిలితే అణువులు దిశ మార్చుకుంటాయి. టీవీకి కావలసింది ఆ గుణమే.

వెనక నుంచి వచ్చే వెలుగు ముందుగా ఒక పోలరైజర్ పొర దాటుతుంది. ఆ పొర ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే వదులుతుంది. తర్వాత ద్రవ స్ఫటికాలు ఆ దిశను కావలసినంత తిప్పుతాయి. ముందున్న రెండో పోలరైజర్, తిరిగిన మేరకే వెలుగును బయటికి పంపుతుంది. పూర్తిగా తిరిగితే వెలుతురు, అస్సలు తిరగకపోతే చీకటి. ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లున్న మూడు గళ్లు ఉంటాయి. 4కె టీవీలో చుక్కలు 3840 అడ్డంగా, 2160 నిలువుగా. అంటే మొత్తం 82,94,400. గళ్లు దానికి మూడింతలు, దాదాపు రెండున్నర కోట్లు. ఒక్కో గడికి ఒక్కో ట్రాన్సిస్టర్ కాపలా.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూసుకోవచ్చు. తెరమీద తెల్లటి చోట ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి జూమ్ చేయండి. తెలుపు మాయమై ఎరుపు, పచ్చ, నీలం గీతలు వరసగా కనిపిస్తాయి. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలుంటే టీవీ ముందు పట్టుకుని మెల్లగా తిప్పండి. చాలా టీవీల్లో ఒక కోణం దగ్గర బొమ్మ మొత్తం నల్లబడుతుంది. పిల్లలకు చూపించి తీరాల్సిన తమాషా ఇది.

క్యూఎల్‌ఈడీ అంటే వేరే రకం తెరా?

తెర అదే, దీపంలో మార్పు. మామూలు తెల్ల ఎల్‌ఈడీ అసలు రంగు నీలం. దానిమీద పసుపు ఫాస్ఫర్ పూత వేస్తే నీలం, పసుపు కలిసి తెల్లగా కనిపిస్తుంది. ఆ నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే అకాసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈ తెలుపులో ఎరుపు, పచ్చ పాళ్లు తక్కువ. అందుకే మిరపపండు ఎరుపు టీవీలో ఇటుక రంగులోకి దిగిపోతుంది.

క్యూఎల్‌ఈడీలో నీలి ఎల్‌ఈడీల ముందు క్వాంటమ్ డాట్లున్న పొర పెడతారు. ఇవి కొన్ని నానోమీటర్ల రేణువులు, సైజును బట్టి ఇవి విడుదల చేసే రంగు మారుతుంది. శుద్ధమైన ఎరుపు, పచ్చ వీటినుంచి వస్తాయి (వీటి పరిశోధకులకు 2023లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది). కాబట్టి రంగులు బాగుంటాయన్నది నిజమే. నలుపు మాత్రం క్యూఎల్‌ఈడీ అనే పేరు వల్ల బాగుపడదు. దానికి వేరే లెక్క ఉంది.

రాత్రి లైట్లార్పి సినిమా చూస్తే నల్లటి చోట్లు బూడిద రంగులో కనిపిస్తున్నాయి. టీవీలో లోపమా?

లోపం కాదు, ఎల్‌సీడీ స్వభావమే అంత. వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది, ముందున్న గళ్లు దాన్ని నూటికి నూరు శాతం ఆపలేవు. ఎంత ఆపగలవన్నది ప్యానెల్, అంటే తెర పలక, రకాన్ని బట్టి ఉంటుంది. ద్రవ స్ఫటికాల అమరికను బట్టి వీటిలో ఐపీఎస్, వీఏ అని రెండు ముఖ్యమైన రకాలు. ఐపీఎస్ ప్యానెల్‌లో తెలుపుకీ నలుపుకీ మధ్య తేడా సుమారు 1000 రెట్లు. వీఏ ప్యానెల్‌లో 3000 నుంచి 5000 రెట్ల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వీఏలో చీకటి చిక్కగా ఉంటుంది, కానీ పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ పక్కనుంచి కూడా బాగుంటుంది. హాల్లో ఒకరు సోఫాలో, ఒకరు డైనింగ్ టేబుల్ దగ్గర, ఒకరు వంటింటి గుమ్మంలో నిలబడి చూసే ఇల్లయితే ఐపీఎస్ మేలు. ఎదురుగా కూర్చుని రాత్రిపూట సినిమాలు చూసేవాళ్లకు వీఏ.

ఇక దీపాల అమరిక. అసలు ధర తేడా అంతా ఇక్కడే. ఎడ్జ్ లిట్ టీవీలో ఎల్‌ఈడీలు అంచుల్లో మాత్రమే ఉంటాయి. టీవీ పల్చగా, అందంగా ఉంటుంది, వెలుగు మాత్రం మూలల్లో ఎక్కువగా, మధ్యలో తక్కువగా కనిపించే అవకాశం ఉంది. డైరెక్ట్ లిట్‌లో తెర వెనకంతా ఎల్‌ఈడీల పట్టీలు (స్ట్రిప్పులు) పరిచి ఉంటాయి. టీవీ కాస్త మందం, వెలుగు సమానం. తక్కువ ధర టీవీల్లో ఎక్కువ శాతం ఇవే, మంచి విషయమే. అయితే అన్నీ ఒకేసారి వెలుగుతాయి, ఒకేసారి తగ్గుతాయి.

ఫుల్ అర్రే లోకల్ డిమ్మింగ్‌లో దీపాలు జోన్లుగా విడిపోయి, బొమ్మలో చీకటి ఉన్న చోట వెనక దీపం కూడా తగ్గుతుంది. మినీ ఎల్‌ఈడీ అంటే దీపాలు చిన్నవై, జోన్లు వందల్లోకి, ఖరీదైన వాటిలో వేలల్లోకి వెళ్లడం. నలుపు నిజంగా నల్లగా కనిపించేది ఇక్కడే. ఒక ఇబ్బంది మాత్రం మిగులుతుంది. ఒక్కో జోన్ వేల చుక్కలకు కలిపి ఒకే దీపం. నల్లటి తెరమీద తెల్లటి సబ్‌టైటిల్ వస్తే అక్షరాల చుట్టూ మసక వెలుగు పాకుతుంది. దీన్ని బ్లూమింగ్ అంటారు. జోన్లు పెరిగేకొద్దీ తగ్గుతుంది, పూర్తిగా పోదు.

మా సలహా ఏమిటంటే, చేతిలో ఇంకో పది పదిహేను వేలు ఉంటే వాటిని పెద్ద పేరుమీద పెట్టకండి, ఈ దీపాల మీద పెట్టండి. పెట్టెమీద ‘మినీ ఎల్‌ఈడీ’ అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు, ఎన్ని డిమ్మింగ్ జోన్లో అడగండి. షాపువాళ్లు చెప్పలేకపోతే మోడల్ నంబరుతో వెతకండి.

ఓఎల్‌ఈడీ మంచిదంటారు. అదే తీసుకోవాలా?

ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, తానే ఆరిపోతుంది. నలుపు సంపూర్ణం, బ్లూమింగ్ అనే మాటే లేదు. చీకటి గదిలో సినిమాకు దాన్ని మించింది లేదు. కానీ ఉదయం నుంచి రాత్రి దాకా తెలుగు వార్తా చానల్ నడిచే ఇంట్లో ఆలోచించాలి. కింద ఎర్రటి పట్టీ, మూలన లోగో, పక్కన ‘బ్రేకింగ్ న్యూస్’ గంటల తరబడి కదలకుండా ఉంటే ఆ చోట చుక్కలు త్వరగా అరిగి, లోగో నీడ శాశ్వతంగా ఉండిపోయే ప్రమాదం ఉంది. ఎండ బాగా పడే హాల్లో కూడా మంచి మినీ ఎల్‌ఈడీదే పైచేయి.

మా హాల్‌కు ఎన్ని అంగుళాలు సరిపోతుంది?

సోఫా నుంచి గోడ దాకా టేపుతో కొలవండి. 4కె టీవీకి తెర మూల నుంచి మూలకు ఉన్న కొలతకు ఒకటిన్నర రెట్ల దూరం హాయిగా ఉంటుంది. 43 అంగుళాలకు ఐదున్నర అడుగులు, 55కు 7 అడుగులు, 65కు 8 అడుగులు. మన అపార్ట్‌మెంట్లలో సోఫాకీ టీవీ గోడకీ మధ్య మామూలుగా ఎనిమిది నుంచి పది అడుగులు ఉంటుంది కాబట్టి 55 పెద్దదేమీ కాదు. 32 అంగుళాలు పడకగదికి సరి.

పెట్టెమీద సెంటీమీటర్లలో ఉంటే కంగారు పడకండి: 80 అంటే 32 అంగుళాలు, 108 అంటే 43, 139 అంటే 55, 164 అంటే 65. ఇదంతా మూల నుంచి మూలకు కొలత. గోడమీద పట్టే జాగా వేరు. 55 అంగుళాల తెర వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు, ఎత్తు 69. పాత న్యూస్‌పేపర్లు ఆ కొలతకు అతికించి గోడకు టేపుతో అంటించండి. రెండు రోజులు అలాగే ఉంచితే ఇంట్లో అందరి అభిప్రాయం దానంతటదే బయటికొస్తుంది.

ఎత్తు గురించి ఒక్క మాట. షోకేస్ మీద, ఫాల్స్ సీలింగ్ కింద, మెడ పైకెత్తి చూసేలా టీవీ బిగించేవాళ్లు మన దగ్గర ఎక్కువ. కూర్చున్నప్పుడు కళ్లు తెర మధ్యభాగానికి కాస్త అటూ ఇటూగా ఉండాలి. వీఏ ప్యానెల్‌ను మరీ పైన పెడితే రంగులు కూడా వెలిసినట్టుంటాయి.

కొత్త 4కె టీవీలో కేబుల్ చానళ్లు పాత టీవీకన్నా మసకగా ఉన్నాయేంటి?

చాలా ఇళ్లలో వినిపించే ఫిర్యాదు ఇది. మామూలు ఎస్‌డీ చానల్‌లో ఉండేది 576 గీతలు. దాన్ని 2160 గీతల తెరమీదికి సాగదీస్తే మిగతా చుక్కలన్నీ టీవీ ఊహించి నింపాల్సిందే. చిన్న పాత టీవీలో ఆ లోటు కనిపించేది కాదు.

ముందు వెనక వైరు చూడండి. హెచ్‌డీ బాక్స్ తెచ్చుకుని కూడా ఎరుపు, పసుపు, తెలుపు పిన్నుల పాత వైరుతోనే నడిపే ఇళ్లు బోలెడు. హెచ్‌డీఎంఐ వైరు వేయండి, బాక్స్ సెట్టింగుల్లో 1080 ఎంచుకోండి, తరచుగా చూసే చానళ్లకు హెచ్‌డీ ప్యాక్ తీసుకోండి. టీవీలో షార్ప్‌నెస్ తగ్గించండి. పెంచితే బాగుపడుతుందనిపిస్తుంది గానీ, ముఖాల చుట్టూ తెల్లటి గీతలు తప్ప ఒరిగేదేమీ ఉండదు. అసలైన 4కె బొమ్మ ఓటీటీల్లో, యూట్యూబ్‌లో దొరుకుతుంది. దానికి 15 నుంచి 25 ఎంబీపీఎస్ నికరంగా అందే నెట్ ఉండాలి. 8కె గురించి ఇప్పుడు ఆలోచించనక్కర్లేదు, చూడటానికి సరుకే లేదు.

హెచ్‌డీఆర్ ఉందని రాశారు, తేడా ఏమీ తెలియడం లేదు.

హెచ్‌డీఆర్ అంటే సూర్యుడు, దీపం, నగల మెరుపు లాంటివి మిగతా బొమ్మకన్నా నిజంగా ఎక్కువ వెలగడం. అలాంటి సినిమాలను తరచుగా 1000 నిట్ల (నిట్ అంటే తెర వెలుగును కొలిచే కొలమానం) వెలుగును దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. తక్కువ ధర టీవీ ఇవ్వగలిగేది 250 నుంచి 350 నిట్లు. సిగ్నల్ అందుకుంటుంది, పెట్టెమీద డాల్బీ విజన్ అనే హెచ్‌డీఆర్ రకం గుర్తూ ఉంటుంది, వెలిగించే దీపమే లేదు. 600 నిట్లు దాటి, లోకల్ డిమ్మింగ్ కూడా ఉంటే అప్పుడు తేడా కంటికి తెలుస్తుంది.

సినిమా చూస్తుంటే సీరియల్ షూటింగ్ చూసినట్టుంది. ఎందుకు?

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. టీవీ మధ్యలో సొంతంగా ఫ్రేములు కల్పించి జారుడుగా చేస్తోంది. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది: ట్రూమోషన్, మోషన్‌ఫ్లో వగైరా. సెట్టింగుల్లో ఆపేయండి, లేదా ‘ఫిల్మ్‌మేకర్’ మోడ్ పెట్టండి. క్రికెట్‌కు కాస్త ఉంచుకోవచ్చు. 120 హెర్ట్జ్ ప్యానెల్ (సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చేది) కొత్త గేమింగ్ కన్సోల్ ఉన్నవాళ్లకు, ఆటలు ఎక్కువ చూసేవాళ్లకు పనికొస్తుంది. సీరియళ్లకు, వార్తలకు 60 చాలు.

షోరూమ్‌లో అన్నీ బాగానే కనిపిస్తాయి. ఎలా తేల్చుకోవాలి?

అక్కడ ప్రతి టీవీ ‘వివిడ్’ మోడ్‌లో, వెలుగు నూటికి నూరు పెట్టి, రంగురంగుల చేపల వీడియో తిప్పుతూ ఉంటుంది. ఆ వీడియోలో ఏ టీవీ అయినా అదిరిపోతుంది. మీరొక పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లండి. అందులో మీకు బాగా తెలిసిన రాత్రి సన్నివేశం ఒకటి, క్రికెట్ ముక్క ఒకటి, పూర్తి బూడిద రంగు ఫొటో ఒకటి ఉంచండి. మోడ్‌ను సినిమాకు మార్చమనండి. రాత్రి సన్నివేశంలో నల్లకోటు మడతలు కనిపిస్తున్నాయా, లేక అంతా ఒకే ముద్దగా ఉందా? బూడిద ఫొటోలో మచ్చలు, నిలువు చారలు ఉన్నాయా? తర్వాత నాలుగడుగులు పక్కకు జరిగి చూడండి. ఇదంతా అయిదు నిమిషాల పని. విసుక్కునే సేల్స్‌మన్ ఉంటే పక్క షాపు ఎలాగూ ఉంది.

స్మార్ట్ ఫీచర్లు, సౌండ్?

గూగుల్ టీవీ, శామ్‌సంగ్ టైజెన్, ఎల్‌జీ వెబ్‌ఓఎస్ అన్నింటిలోనూ మనవాళ్లు వాడే యాప్‌లు దొరుకుతాయి. ర్యామ్ 2 జీబీకి తగ్గకుండా చూసుకోండి. నాలుగైదేళ్లకు సాఫ్ట్‌వేర్ మెల్లబడితే యాప్‌లు నడిపే స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి తగిలించుకోవచ్చు. ప్యానెల్‌ను మాత్రం అలా మార్చుకోలేం. పల్చటి టీవీలో స్పీకర్లు కిందికి తిరిగి ఉంటాయి, మాటలు సన్నగా వినిపిస్తాయి. సౌండ్‌బార్ కొంటే ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ను బయటికి పంపే దారి) అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టులోనే పెట్టండి, టీవీ రిమోట్‌తోనే సౌండ్ తగ్గించుకోవచ్చు.

మన దగ్గరే తయారైన టీవీలు నమ్మొచ్చా?

నమ్మొచ్చు. ఒకప్పుడు హైదరాబాద్ ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీ చూసి పెరిగిన తరం ఇంకా ఉంది. ఆ తర్వాతి కాలంలో షావొమీ లాంటి కంపెనీల టీవీలు తిరుపతిలోని డిక్సన్ ఫ్యాక్టరీలో తయారవుతూ వచ్చాయి. గాజు ప్యానెల్ మాత్రం ఎక్కువగా చైనా నుంచే వస్తుంది, చాలా బ్రాండ్లకు అంతే. కాబట్టి బ్రాండు పుట్టిల్లు అడిగేకన్నా, మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఎంత దూరంలో ఉందో అడగండి.

కరెంటు ఎంత కాలుతుంది? స్టెబిలైజర్ కావాలా?

55 అంగుళాల టీవీ 100 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజుకు అయిదు గంటలు నడిస్తే అర యూనిట్, నెలకు 15 యూనిట్లు. వెలుగు పెంచినా, హెచ్‌డీఆర్ సినిమా నడిచినా ఇంకాస్త పెరుగుతుంది. స్టార్ లేబుల్ మీద ఏడాది లెక్క ఉంటుంది, పోల్చుకోండి.

టీవీ వెనక స్టిక్కర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే, ఆ మధ్యలో హెచ్చుతగ్గులను టీవీయే సర్దుకుంటుంది. మోటార్లు ఆగినప్పుడు వోల్టేజీ 260, 270కి ఎగిరే ఊళ్లలో మాత్రం స్టెబిలైజర్ పెట్టుకోవడం మంచిదే. పిడుగుకు అదీ పనికిరాదు. మబ్బు కమ్ముకున్నప్పుడే, ఉరుములు మొదలవకముందే ప్లగ్గుతో పాటు కేబుల్ వైరు, నెట్ వైరు కూడా పీకేయండి. ప్లగ్ తీసి, కేబుల్ వదిలేస్తే ఆ వైరు దారిలోనే వచ్చి బోర్డు మాడ్చేస్తుంది.

మాట వినిపిస్తోంది, బొమ్మ రావడం లేదు. టీవీ పోయినట్టేనా?

తొందరపడి కొత్తది కొనకండి. గదిలో లైట్లార్పి, టీవీ ఆన్‌లో ఉండగా టార్చిలైటు తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి పక్కవాటుగా చూడండి. వెలుగు పడిన చోట మనుషులు నీడల్లా కదులుతూ కనిపిస్తే ప్యానెల్ బాగానే ఉంది, వెనక దీపాలు వెలగడం లేదని అర్థం. స్ట్రిప్పులో ఎల్‌ఈడీలు ఒకదాని వెంట ఒకటిగా సిరీస్‌లో ఉంటాయి. ఒక్కటి తెగితే వరసంతా ఆరిపోతుంది, చాలాసార్లు సర్క్యూట్ దీపాలన్నింటినీ ఆపేస్తుంది. మెకానిక్ స్ట్రిప్పులు మారుస్తాడు. పోయినదాన్ని ఒక్కదాన్నే కాకుండా సెట్టంతా మార్పించండి, మిగతావి కూడా అంతే వయసువి.

తెరమీద గుండ్రటి తెల్ల మచ్చలు వస్తే, ఎల్‌ఈడీ మీద అతికించిన చిన్న ప్లాస్టిక్ లెన్స్ ఊడిపోయి ఉంటుంది. అదీ బాగుచేయగలిగేదే. గాజు పగిలినా, లోపల సిరా ఒలికినట్టు నల్లగా పాకినా ప్యానెల్ మార్చాలి. ఆ ఖర్చు దాదాపు కొత్త టీవీకి దగ్గరగా వెళ్తుంది, పగలడం వారంటీలోకీ రాదు. అందుకే డెలివరీ రోజున పెట్టె విప్పడం నుంచి టీవీ వెలిగేదాకా ఫోన్‌లో వీడియో తీసుకోండి.

దీపాలు ఎక్కువ కాలం ఉండాలంటే బ్యాక్‌లైట్‌ను 100 నుంచి 60, 70కి దించండి. ఎల్‌ఈడీకి శత్రువు వేడి. రాత్రిపూట కళ్లకు కూడా అదే హాయి.

ఎప్పుడు కొంటే చవక?

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. దసరా, దీపావళి, సంక్రాంతికి ఆఫర్లు ఉంటాయి. కొత్త మోడళ్లు దిగాక కిందటేడాది మోడల్ ధర పడిపోతుంది, అప్పుడు మంచి మినీ ఎల్‌ఈడీ మామూలు టీవీ ధరకే దొరకొచ్చు. ఆఫర్ కోసం మాత్రమే తయారయ్యే మోడళ్లు కూడా ఉంటాయి, మోడల్ నంబరు చివరి అక్షరం దాకా చదవండి.

తెర ఎలా తుడవాలి?

టీవీ ఆపి, చల్లారాక, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా తుడవండి. మరక పోకపోతే గుడ్డను కొద్దిగా నీళ్లతో తడపండి. తెరమీద నేరుగా ఏదీ స్ప్రే చేయొద్దు, ద్రవం కింది అంచులోకి దిగితే ప్యానెల్‌కు అతికి ఉన్న సన్నటి కనెక్షన్లు పాడై నిలువు గీతలు వస్తాయి. కిటికీ అద్దాలు తుడిచే క్లీనర్ అసలు వాడొద్దు, పై పూత లేచిపోతుంది.